పదిహేడో నంబరు ఎవరు పలికారు

పోయిన నెలలో పేరేసంద్ర వైపు ఒక సర్కారీ హైస్కూల్లో కొత్తగా చేరిన వ్యాయామ టీచరు నాకు ఫోన్ చేసింది. తన బడిలో స్కౌట్ల లాంటి ఆడపిల్లల బృందం మొదలుపెడుతోందట. వారానికొక రోజు, బడి వదిలాక గంటన్నర. ఒక టర్ముకు ఏమేం చేయించాలో రాసివ్వమని అడిగింది.

"మీరు శానా ఏండ్లు చేసినారంట కదా మిస్. మీ పాత నోట్‌బుక్కు ఏమన్నా ఉండాదా?" అంది.

ఉంది. ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపాను. మొదటి వారం ముడులు, రెండో వారం దిక్కులు, మూడో వారం ప్రథమ చికిత్స, ఇలా వరసగా ఎర్ర సిరాతో గీతలు కొట్టి రాసి ఉంటుంది. "ఎంత నీట్‌గా ఉండాది మిస్!" అని దండం పెట్టే బొమ్మ ఒకటి పంపింది. నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, నా మీదే. ఆ పట్టికలో చివరి రెండు వారాలు ఖాళీగా ఉన్నాయి. ఎందుకని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పకుండా ఊరుకోవడం నాకు బాగా అలవాటైన పని. అందుకే ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను, ఆమె కోసం, ఆమెలా పిల్లల్ని బయటికి తీసుకుపోయే చిన్న టీచర్లందరి కోసం.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఆ టర్ములో నా బృందంలోని ఒక పిల్ల నీళ్లలో పడి చనిపోయింది. ఆ పిల్ల మా వెంట లేదన్న సంగతి ఆలస్యంగా తెలియడానికి కారణం నేను పెట్టిన ఒక నియమం. ఆ మాట చెప్పాల్సిన రోజున నేను నోరు మూసుకున్నాను. నింద వెళ్లి ఇంకో పద్నాలుగేళ్ల పిల్ల నెత్తిన పడింది.

ఎవరి పేరూ రాయను, ఊరి పేరూ రాయను. పిల్లల్ని నంబర్లతోనే రాస్తాను. పాపం, అప్పుడు కూడా నేను వాళ్లను పిలిచింది నంబర్లతోనే.

చింతామణి తాలూకాలో ఆంధ్రా సరిహద్దుకు దగ్గరి బడి అది. గేటు బయట తెలుగు, గేటు లోపల కన్నడం. పిల్లలు గేటు దాటుతూ మాట మధ్యలోనే భాష మార్చేసేవాళ్లు. నాకప్పుడు యాభై దాటింది. మెడలో ఈల, కాళ్లకు తెల్ల బూట్లు, నోట్లో తిట్టు. పిల్లలు నన్ను "విజిలు మిస్" అనేవాళ్లు. నా వెనక ఇంకా ఏమేం అనేవాళ్లో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. నాకు ముందు కోపం వస్తుంది, బుద్ధి తర్వాత వస్తుంది.

ఎనిమిది, తొమ్మిది తరగతుల నుంచి ఇరవై నలుగురిని ఎంచుకున్నాను. నాలుగు జట్లు, జట్టుకు ఆరుగురు. మొదటి వారం ముడులు నేర్పబోయాను. చిన్న పుస్తకం తెరిచి పట్టుకుని, తాడు ఎడమ నుంచి కుడికి తిప్పాలి అని చదువుతున్నాను. పదహారో నంబరు పిల్ల చెయ్యెత్తింది.

"మిస్, ఇది మేము దినామూ కట్టేదే కదా. టమోటా చెట్లకి."

నేను పేజీ తిప్పేలోపే కట్టి చూపించింది. పక్కనున్న పదిహేడు కిసుక్కున నవ్వింది. "పుస్తకంలో ఉన్నట్టు కట్టవే!" అని అరిచాను. ఆ వారం ఎవరు ఎవరికి ముడులు నేర్పారో చెప్పడం కష్టం.

పదహారు మూడో జట్టుకు నాయకురాలు. పొడుగ్గా ఉండేది, దేనికీ జంకేది కాదు. పదిహేడు ఆమె పక్క వీధి పిల్ల, చిన్న మనిషి, నవ్వు ఆపుకోలేని పిల్ల. వాళ్లమ్మ సేవంతి పూలు కోసే కూలికి పోయేది. సెలవు రోజుల్లో పిల్ల కూడా పోయేది. వేళ్ల కొసలు ఎప్పుడూ పచ్చగా, ఆకు పసరుతో ఉండేవి. "చేతులు కడుక్కునే వచ్చినావా?" అని నేను అడిగితే, "కడిగినా పోదు మిస్" అని రెండు చేతులూ ముందుకు చాపి చూపించేది.

ఇప్పుడు నియమం సంగతి. నాకు ముందు బృందం నడిపినామె దగ్గర సగం మంది పిల్లలు వచ్చేవాళ్లు కాదట. టమోటా కోతలప్పుడు, పూల కోతలప్పుడు ఇంట్లో పిల్లల్ని పంపరు. నేను తెలివైనదాన్ని కదా, మార్కులు పెట్టాను. వారం వారం జట్టులో ఆరుగురూ ఉంటే పది మార్కులు. ఒక్కరు తగ్గినా జట్టు మొత్తానికి సున్నా. బూట్లు మురికిగా ఉంటే రెండు తగ్గింపు. టర్ము చివర ఎక్కువ మార్కులొచ్చిన జట్టును చిక్కబళ్ళాపురంలో జిల్లా ర్యాలీకి తీసుకుపోతానన్నాను. ఆ పిల్లల్లో చాలామంది ఆ ఊరు చూసింది బస్సు కిటికీలోంచే. స్టేడియంలో బ్యాండు వెనక నడుస్తామంటే వాళ్లకు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు.

హాజరు కూడా నా సొంత పద్ధతే. పిల్లలు వరసగా నిలబడి కన్నడంలో ఒందు, ఎరడు, మూరు అని ఇరవై నాలుగు దాకా ఎవరి నంబరు వాళ్లు గట్టిగా పలకాలి. అర నిమిషంలో అయిపోయేది. నేను రిజిస్టరు మీద తల వంచుకుని చెవి మాత్రం అటు పెట్టేదాన్ని.

ఐదో వారమో ఆరో వారమో, పదిహేడు గొంతు మారింది. "హదినేళు" అన్నది ముద్దగా, ముక్కులోంచి వచ్చింది. వరసంతా నవ్వు బిగబట్టుకుంది. తలెత్తి చూస్తే మూడో జట్టులో ఐదుగురే ఉన్నారు. పదహారు నేరుగా గోడ వైపు చూస్తూ నిలబడింది.

"ఏమ్మే, గొంతు బాగానే మారస్తావే!" అన్నాను.

"వాళ్లమ్మకి జొరం మిస్. పూలకి ఆ పిల్లే పోయింది. ఈ ఒక్క తూరి మిస్," అంది.

నేను నవ్వేశాను. నవ్వి, పది మార్కులు వేశాను. చూడండి, ఇదీ నేను మొన్నమొన్నటి దాకా ఎవరికీ చెప్పని సంగతి. ఆ నెల జిల్లా మీటింగులో మా బడి హాజరు చదివి, పల్లె బడుల్లో ఇంత హాజరు ఇంకెక్కడా లేదని చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్లు నాకు రుచించాయి. ఆ తర్వాత నేను లెక్కప్పుడు తలెత్తి చూడటం మానేశాను. మిగతా జట్లు కూడా ఆ విద్య నేర్చుకున్నాయి. నాకు తెలుసు. స్నేహమంటే ఇదీ, ఒకరికొకరు నిలబడుతున్నారు అని స్టాఫ్ రూములో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

పదో వారం నడక. బడి నుంచి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక గుట్ట, దాని మీద చిన్న మంటపం. నడిచి పోయి, అక్కడ భోజనం చేసి, సాయంత్రానికి తిరిగి రావడం. ఇద్దరు టీచర్లు ఉండాలని హెడ్ మేష్టరు రాసి సంతకం పెట్టారు. ముందు నేను, వెనక సైన్సు మేష్టరు. ఆయన మెతక మనిషి, పిల్లలు ఎంత ఏడిపించినా కోపం తెలియనివాడు. బయల్దేరేముందు చిత్రాన్నం పొట్లాలు చూసి నాకు బుర్రలో ఒక మెరుపు మెరిసింది. వీటిని పిల్లలు ఎందుకు మోయాలి?

"సార్, మీరు బండి మీద ఇవి తీసుకోని ముందర పోండి. గుట్టకాడ ఉండండి," అన్నాను.

"వెనక ఎవరుంటారు మిస్?" అన్నాడాయన.

"నేనుండాను కదా. నంబర్లుండాయి కదా," అన్నాను.

ముందు రోజు వాన పడింది. దారి టమోటా తోటల మధ్య నుంచి పోతుంది. అడుగడుక్కీ ఎర్రమన్ను బూట్లకు పట్టుకుంటోంది. గుట్ట మీద బూట్లు చూసి మార్కులు వేస్తానని పొద్దున్నే చెప్పి ఉన్నాను. ఆ తోటల్లో ఒకచోట కృషి హొండ ఉంది. మా వైపు తెలియనివాళ్లకు చెప్పాలి. వాన నీళ్లు పట్టి పెట్టుకోవడానికి రైతులు తవ్వుకునే పెద్ద గుంట అది. నీళ్లు ఇంకిపోకుండా లోపలంతా నల్ల ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. పైకి చూస్తే మోకాలి లోతనిపిస్తుంది. అంచు మీద కాలు జారితే పట్టుకోవడానికి ఒక గడ్డిపోచ కూడా ఉండదు. ఈతగాళ్లు కూడా ఆ పట్టా మీద పైకి పాకలేరు. దాని చుట్టూ కంచె లేదు.

గుట్ట కింద లెక్క తీశాను. ముందు నిలబడి, గుట్ట మీద మబ్బు చూస్తూ విన్నాను. ఇరవై నాలుగు వచ్చాయి. సగం ఎక్కాక ఇంకోసారి. ఇరవై నాలుగు. పైకి చేరాక మూడోసారి. ఇరవై నాలుగు. మంచి లెక్క. తర్వాత సైన్సు మేష్టరు పొట్లాలు పంచాడు. పంచి, చేతిలో ఒకటి పట్టుకుని నిలబడ్డాడు.

"ఎవురికి రాలేదమ్మా?" అన్నాడు.

నేను తలెత్తి పిల్లల్ని కళ్లతో లెక్కపెట్టాను. ఆ టర్ములో నేను అందరినీ కళ్లతో లెక్కపెట్టడం అదే మొదలనుకుంటాను.

"పదిహేడు యాడ?"

పదహారు చేతిలో పొట్లం విప్పలేదు. ముఖం తెల్లబోయి ఉంది.

"బూట్లు కడుక్కోనొస్తానని పాయ మిస్. ఆ హొండ కాడికి. నా నంబరు చెప్పుమే, ఎనకాలే వస్తా అనె."

"ఎప్పుడు?"

"గుట్ట కిందికి రాకముందర."

గంట దాటిపోయింది. మొదటిసారి ఆ పిల్ల స్నేహం కోసం పలికింది. రెండోసారి, మూడోసారి ఏం చేయాలో తోచక భయంతో పలికింది. మొదట ఎందుకు చెప్పలేదని నేను అడుగుతానని భయం. ఆ భయం కూడా నేను పెట్టిందే.

సైన్సు మేష్టరు బండి మీద ముందు పోయాడు. నేను పరిగెత్తాను. యాభై దాటిన మనిషి గుట్ట దిగి ఎంత పరిగెత్తగలదో అంత పరిగెత్తాను. హొండ గట్టు మీద కడిగిన బూటు ఒకటి ఉంది. తోట మనుషులు తాడు తెచ్చారు, ఒకాయన నడుముకు కట్టుకుని దిగాడు. పిల్లను పైకి తెచ్చారు. మూడో వారంలో నేను నేర్పిన ప్రథమ చికిత్స అంతా వరస తప్పకుండా చేశాను. చాలాసేపు చేశాను. "చాలు మిస్, చాలమ్మా" అని సైన్సు మేష్టరు నా రెండు చేతులూ పట్టుకుని లాగేదాకా చేశాను. ఇంతకంటే దీని గురించి రాయలేను.

తొమ్మిదో రోజున విచారణకు చిక్కబళ్ళాపురం నుంచి ఒక అధికారి వస్తున్నారని కబురొచ్చింది. ముందు రోజు హెడ్ మేష్టరు నన్ను గదిలోకి పిలిచారు. చెడ్డ మనిషి కాదు. ఇంకో ఏడాదిలో రిటైరు కావాల్సినవాడు, భయస్తుడు.

"లెక్క మూడు తూర్లు తీస్తిరా లేదా మిస్?"

"తీసినా సార్."

"సరిగ్గా ఉన్నిందా లేదా?"

"ఉన్నింది."

"అంతే రాయండి. అందులో అబద్ధమేముండాది? మిగతాదానికి గమ్మునుండండి."

రాశాను. మూడుసార్లు లెక్క తీయడమైనది, మూడుసార్లూ సరిపోయినది అని నా అందమైన దస్తూరీతో రాశాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. పక్క బల్ల మీద సైన్సు మేష్టరు తన కాగితం రాస్తున్నాడు. తొంగి చూశాను. వెనక నడవాల్సింది నేను, నడవలేదు, తప్పు నాది అని రాశాడు. తనను ముందుకు పంపింది విజిలు మిస్ అని మాత్రం రాయలేదు. ఈయనకు పిచ్చి పట్టిందా అనుకున్నాను. సిగ్గు లేకుండా, కొంచెం ఊపిరి కూడా పీల్చుకున్నాను.

విచారణ రోజు పిల్లల్ని హాలులో కింద వరసగా కూర్చోబెట్టారు. టీచర్లకు కుర్చీలు వేశారు. అధికారి నా కాగితం చదివారు. లెక్క సరిపోయిందంటే లేని పిల్ల నంబరు ఎవరో పలికి ఉండాలి కదా, ఎవరది అని కన్నడంలో అడిగారు. ఆయన గొంతులో కాఠిన్యం లేదు.

పదహారు లేచి నిలబడింది. ఎవరూ వేలెత్తి చూపలేదు, తనే లేచింది.

"ఎందుకు పలికావమ్మా?" అన్నారాయన.

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను అప్పుడు చెప్పాల్సింది. సార్, నంబరు తగ్గితే సున్నా అన్నది నేను, ఒకరి నంబరు ఇంకొకరు పలుకుతారని నాకు వారాలుగా తెలుసు, మొదటిసారి పట్టుకున్నప్పుడు నవ్వి మార్కులు వేశాను అని. ఇదంతా చెప్పడానికి నిమిషం చాలు. నా ఉద్యోగం పోతుందని భయపడ్డాను. పెన్షనూ, పరువూ గుర్తొచ్చాయి. తల వంచి కాగితం వైపు చూశాను.

"సుమ్నె సార్," అంది పదహారు. ఊరికే అని.

ఊరికే అట! అధికారి నిట్టూర్చి ఏదో రాసుకున్నారు. హొండకు కంచె వేయని రైతుకు నోటీసు పోయింది. నాకు ఇక మీద జాగ్రత్తగా ఉండాలని ఒక కాగితం వచ్చింది. సైన్సు మేష్టరును మాత్రం ఇల్లూ పిల్లలూ వదిలి పోయేంత దూరం బదిలీ చేశారు. వెళ్లేముందు నాకు నమస్కారం పెట్టి, "ఆరోగ్యం చూసుకోండి మిస్" అన్నాడు. ఆ నమస్కారం కంటే చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది.

ఊళ్లో పదహారుకు పేరు పడిపోయింది. నంబరు పలికిన పిల్ల అన్నారు. అది పలక్కపోయుంటే ఆ బిడ్డ బతికేది అన్నారు. నీళ్ల కొళాయి దగ్గర ఆడవాళ్లు దాన్ని చూసి పక్కకు తిరిగేవాళ్లట. వాళ్ల నాన్న బడి మాన్పించాడు. టి.సి. మీద సంతకానికి వచ్చినప్పుడు నేను స్టాఫ్ రూములో ఉన్నాను. కిటికీలోంచి చూశాను, బయటికి రాలేదు. తర్వాతి ఏడాది నేనే అడిగి బాగేపల్లి తాలూకాకు మార్పించుకున్నాను. మిగిలిన సర్వీసంతా బంతులు ఎగరేయించి, గీతలు గీయించి గడిపాను. బృందం మాటెత్తితే నడుం నొప్పి అని తప్పించుకున్నాను. రిటైరయిన రోజు శాలువా కప్పి, క్రమశిక్షణకు మారుపేరు అన్నారు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. జనం ఏడుపే చూశారు.

ఆ చిన్న టీచరు ఫోన్ చేశాక నాలుగు రోజులు అన్నం సహించలేదు. ఐదో రోజు ఆ ఊరికి బస్సెక్కాను. పదిహేడు వాళ్లమ్మ సేవంతి మడిలో వంగి ఉంది. నన్ను గుర్తుపట్టింది. గట్టు మీద కూర్చుని అంతా చెప్పాను, మార్కులు, నవ్వు, కాగితం, అన్నీ. ఆమె పూలబుట్ట సర్దుకుంటూ విన్నది. తిడుతుందని ఎదురు చూశాను. కొట్టినా బాగుండుననుకున్నాను.

"మా పాప పోయినాక నా కాడికి ఎవురొచ్చినారు మిస్?" అంది చివరికి. "ఆ పొడుగు పిల్లే వచ్చె. నెలకొక తూరి వస్తాది, ఇప్పటికీ. బువ్వ చేసి పెడ్తాది, నా జాకెట్లు కుట్టిస్తాది. ఊరంతా దాన్ని అన్నారు. నేనూ అన్నా, మొదట్లో. నాకి చెప్పి ఏం లాభం? పోయి దానికి చెప్పండి."

ఎక్కడుంటుందో ఆమెనే అడిగి, అప్పటికప్పుడు చింతామణి బస్సెక్కాను. బస్టాండు వెనక సందులో ఆ పిల్ల టైలరింగ్ అంగడి పెట్టుకుంది. చిన్న గది, రెండు మిషన్లు. నన్ను చూసి లేచి, స్టూలు మీది గుడ్డలు తీసేసి తుడిచింది. టీ తెప్పించింది. ఇరవై నాలుగేళ్లకే కళ్ల కింద నల్లగా ఉంది. నేను టీ ముట్టుకోకుండా చెప్పడం మొదలుపెట్టాను. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. "తప్పు నాదే పాపా, నీది కాదు, మొదట్నుంచీ నాదే" అని అదే మాట మళ్లీ మళ్లీ అన్నాను.

ఆమె గుడ్డ మీద సుద్దతో గీత గీస్తూ ఆపింది.

"నాకి తెలుసు మిస్. అప్పుడే తెలుసు."

"తెలిస్తే మరి సుమ్నె అని ఎందుకంటివే? ఆ సారుకి చెప్పాల్సింది కదా!" అన్నాను. చూడండి నా బుద్ధి, అప్పుడు కూడా గద్దించాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. నా వైపే చూస్తూ చెప్పింది.

"ఎవురూ లేయమనకపోయినా నేను లేస్తి కదా మిస్. నేను లేస్తే మీరూ లేస్తారనుకొన్యా."